చెల్లె నంబరు మార్చిన ఆదివారం

మా చుట్టాల్లో ఎవరు గ్యాస్ బుక్ చేసినా నా ఫోన్ మోగేది. పరిగిలో మా మేనత్త ఆధార్‌లో వయసు సరిచేయించుకుంటే ఓటీపీ నాకు. మర్పల్లిలో పెద్దనాయన కరెంటు బిల్లు కడితే మెసేజ్ నాకు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటిదాన్ని నేను. వికారాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. అందుకని ఏ దరఖాస్తులోనైనా 'మొబైల్ నంబరు' అన్న గడి కనబడితే చాలు, మావాళ్ళు వెనకాముందు ఆలోచించకుండా నా నంబరు అప్పజెప్పేస్తారు. సొంత ఫోన్లు లేక కాదు. "నీ కాడుంటే ఫికరుండదు బిడ్డా" అనేవాడు పెద్దనాయన.

మొదట్లో గర్వంగానే ఉండేది. పోనుపోను ప్రాణం విసిగిపోయింది. ప్రిన్సిపాల్‌గారి ముందు నిలబడి ఉంటాను, ఫోన్ టింగుమంటుంది. వెంటనే మేనత్త ఫోన్: "నంబరొచ్చిందా, జల్ది చెప్పు, గీ పోరడు అడుగుతుండు." అన్నం తింటుంటే ఒకరు, బస్సులో వేలాడుతుంటే ఇంకొకరు. ఒకసారి గట్టిగా కసిరాను కూడా. మేనత్త నెల రోజులు నాతో మాట్లాడలేదు.

అలా ఉండగా మా కాలేజీలో సిబ్బందికి కంప్యూటర్లు, ఫోన్ల భద్రత మీద పాఠాలు చెప్పమని ఆ పని నాకు అంటగట్టారు. మెయిల్‌కొకటి, బ్యాంకుకొకటి అంటూ వేర్వేరు పాస్‌వర్డులు పెట్టుకోవాలి. అప్‌డేట్లు వాయిదా వేయకూడదు. ఊరూపేరూ లేని లింకులు నొక్కకూడదు. ఎవరి ఖాతాకు వాళ్ళ నంబరే ఉండాలి, ఓటీపీ కన్నతల్లి అడిగినా చెప్పకూడదు. ఇవన్నీ బల్ల గుద్ది చెప్పాక, మా వంశం మొత్తానికి ఓటీపీలు నా చేతిలో ఉన్నాయన్న సంగతి నాకే సిగ్గనిపించింది. అందరి నంబర్లూ మార్చేయాలని ఆ రోజే నిర్ణయించాను.

సిగ్గు ఒక్కటే కారణమని చెప్పుకుంటే అది అబద్ధం. ఆ టింగుటింగుల పీడ వదిలించుకోవాలన్నది అసలు కారణం. భద్రత పేరు చెబితే ఎవరూ ఎదురు మాట్లాడలేరు కదా. నా సుఖానికి నేను సూత్రం రంగు పూశాను.

ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, కొందరి ఇళ్ళకు వెళ్ళి, వరసగా మార్చుకుంటూ వచ్చాను. చివరికి మిగిలింది తాండూరులో ఉన్న నా చెల్లెలు.

ఆమె సంగతి వేరు. ఆమె పరీక్ష దరఖాస్తులో నా నంబరు ఊరికే లేదు, గుట్టుగా ఉంచమని అడిగి పెట్టించుకుంది. ఇంటర్ రెండో సంవత్సరంలో పెళ్ళి కుదరడంతో చెల్లెలికి ఇంగ్లీషు ఒక్కటి మిగిలిపోయింది. పెళ్ళయ్యాక ఒకసారి రాసింది, తప్పింది. మా మరిది చెడ్డవాడేమీ కాదు. నాపరాయి పాలిష్ యూనిట్లో మిషన్ మీద పని చేస్తాడు, సాయంత్రానికి నేరుగా ఇంటికి వస్తాడు. కానీ అతనికి ఏ ముచ్చటైనా పదిమందికి చెప్పి నవ్వించడం ఇష్టం. ఎవరి ఇంట్లోనో పసిబిడ్డను తొట్టెలో వేసే ఫంక్షన్ జరిగితే, అందరూ భోజనాలు చేస్తుండగా, "మా ఇంట్ల ఇంగ్లీషు జర కమ్మి" అంటూ ఆమె ఫెయిలయిన సంగతి బొమ్మ కట్టినట్టు చెప్పాడట. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్విందట. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, మళ్ళీ రాస్తానని చెప్పింది.

వాళ్ళ వాడకట్టులో అంగన్‌వాడీ టీచరమ్మ త్వరలో రిటైరవుతోంది. ఆ ఉద్యోగానికి ఇంటర్ పాసై ఉండాలని ఎవరో చెప్పారు. పిల్లలకు పాటలు చెప్పడం, గుడ్లు వండి పెట్టడం, బరువులు చూసి రాయడం ఇవన్నీ తనకు బాగా వస్తాయని చెల్లెలి నమ్మకం. నిజమే, వస్తాయి. "పాసైనంకనే ఆయనకు చెప్త అక్కా. గప్పటిదాక నీ ఫోన్ల ఉండనీయ్" అంది. అలా పరీక్ష దరఖాస్తు నా నంబరుతో వెళ్ళింది. నేను ఇక్కడ పాఠాలు ప్రింట్ తీసి పంపితే, ఆమె మొగుడు పనికి పోయాక చదువుకునేది.

ఆ ఆదివారం ఇద్దరినీ వికారాబాద్‌లో మా ఇంటికి భోజనానికి పిలిచాను. మరిది ముందు గదిలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. వంటింట్లో నేను విషయం ఎత్తేసరికి చెల్లెలి ముఖం వాడిపోయింది.

"నాది ఉండనీయ్ అక్కా. పరీక్ష అయిపోయేదాక."

"అందరియి మార్చి నీ ఒక్కదానిది ఉంచాల్నా?"

"మా ఇంట్ల ఒక్కటే ఫోన్. పొద్దంత ఆయన చేతులనే ఉంటది."

"ఉంటే ఉండనీ. ఆయనేమన్న దొంగనా? నీ మొగుడే గదా. చెప్పెయ్యరాదా, గింత దాస్కునుడెందుకు?"

ఆమె కడిగిన పళ్ళేలను మళ్ళీ తుడుస్తూ నిలబడింది. నేను ఆ మౌనాన్ని ఒప్పుకోవడం కిందే జమ కట్టుకున్నాను. అతను టీవీలో మునిగి ఉండగా ఆ ఫోన్ తెప్పించుకుని, వచ్చిన ఓటీపీ ఆమెతోనే చదివించి, నిమిషాల్లో దరఖాస్తులో నా నంబరు తీసి అతని నంబరు పెట్టేశాను. భద్రత అంటే ఎవరి నుంచి భద్రత అని అప్పుడు ఒక్క క్షణం కూడా నన్ను నేను అడగలేదు. నా చెల్లెలికి భయం ఎక్కడో ఉన్న దొంగల గురించి కాదు. ఇంట్లోవాళ్ళ నవ్వు గురించి. ఆ నవ్వు నుంచి ఆమెను కాపాడుతున్న తాళం ఒక్కటే, అది నా ఫోన్. దాన్ని నేనే ఊడబీకాను.

అంతటితో ఆగినా బాగుండేది. అన్నాలు తిన్నాక మరిదికి పాఠం మొదలుపెట్టాను. అతను నాకు దొరికిన వాళ్ళలో మంచి విద్యార్థి. చేతులు కట్టుకుని విన్నాడు. తెలియని నంబర్లు ఎత్తొద్దు. ఎత్తినా తొందరపెడితే నమ్మొద్దు. ఏడ్చినా, బతిమాలినా, ఎవరికీ చెప్పొద్దన్నా అది మోసమే అనుకో. ఇప్పుడు కంప్యూటరుతో ఎవరి గొంతునైనా దించేస్తున్నారు.

"మా ఇంటిదాని గొంతుతోని గూడ మాట్లాడుతరా వదినా?"

"మాట్లాడుతరు. గందుకే ఓటీపీ అడిగితే పెండ్లామైనా సరే, చెప్పకు."

"ఇగ సూడు, నా కాడ ఎవ్వని ఆటలు సాగయి" అని తొడ చరిచి నవ్వాడు. చెల్లెలు వక్కలు తెచ్చి ఇచ్చింది.

ఆ తర్వాత నా ఫోన్ నిశ్శబ్దమైపోయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మెసేజీలు రావడం ఆగిపోయేసరికి చెల్లెలి పరీక్ష తేదీ కూడా నా బుర్రలోంచి జారిపోయింది. ఇదివరకైతే హాల్‌టికెట్ వచ్చిందన్న మెసేజ్ నాకే వచ్చేది, నేనే ప్రింట్ తీసి బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపేదాన్ని. ఇప్పుడు అది ఎవరికి వస్తుందో, ఆమె దాన్ని ఎలా తీసుకుంటుందో నేను ఆలోచించలేదు. బరువు దించుకున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడరు కదా, నేనూ చూడలేదు.

ఒకరోజు పొద్దున కాలేజీలో సిబ్బందికి క్లాసు చెబుతున్నాను. బల్ల మీద నా ఫోన్ వణికింది. తెలియని నంబరు. నాకు అదో మంచి అవకాశంలా తోచింది. ఫోన్ ఎత్తి అందరికీ చూపించాను.

"చూడండి, పేరు లేదు. ఇప్పుడు ఏం చేయాలి?"

"కట్ చేయాలి మేడమ్!" అని హాలంతా అరిచింది.

కట్ చేశాను. మళ్ళీ వచ్చింది. "తొందరపెడుతున్నారంటే ఏమని అర్థం?" అన్నాను. "మోసం" అన్నారు. ఈసారి నంబరును బ్లాక్ కూడా చేసి, ఎలా చేయాలో అందరికీ చూపించాను. వెనక కూర్చున్న అటెండరు చప్పట్లు కొట్టాడు. నవ్వుతూ వంగి దండం పెట్టాను.

మధ్యాహ్నం మరిది నుంచి వాట్సాప్ వచ్చింది. అతని ఫోన్‌లో వచ్చిన ప్రతి కాల్ దానంతట అదే రికార్డవుతుంది. ఆ రికార్డింగ్ ఒకటి పంపి, కింద ఇలా రాశాడు: 'వదినా నువ్వు చెప్పినట్లే అయింది. నా భార్య గొంతుతో ఓటీపీ అడిగిండ్రు. నేను చిక్కలే. అందరికీ పంపు.' పనిలో ఉన్నాను. వినలేదు. కానీ ఎంత సంబరపడ్డానో! నా పాఠం ఒకరినైనా కాపాడిందనిపించింది. 'మా మరిది అప్రమత్తత చూడండి. భార్య గొంతుతో కొత్త మోసం. జాగ్రత్త' అని రాసి కాలేజీ గ్రూపుకు, మా కాలనీ గ్రూపుకు, పాత విద్యార్థుల గ్రూపుకు పంపేశాను. వినకుండా, చూడకుండా దేన్నీ ముందుకు పంపొద్దని ఆ పొద్దునే చెప్పినదాన్ని.

సాయంత్రం గ్రూపులో ఒక లెక్చరరమ్మ రాసింది: 'ఆమె ఏడుపు వింటే నిజమనిపిస్తుంది మేడమ్. ఎంత బాగా నటిస్తున్నారో.' అప్పుడు తెరిచి విన్నాను.

మొదట రాయి కోసే మిషన్ రొద. తర్వాత మరిది, ఎవరని అడుగుతున్నాడు.

"నేనే. నీ ఫోన్‌కు నంబరొచ్చింది సూడు, జర చెప్పు."

"ఏం నంబరు?"

"పరీక్షది. ఇంటర్ పరీక్ష. హాల్‌టికెట్ తీస్కోవాలె. ఇంటికొచ్చినంక అన్ని చెప్త."

"నా పెండ్లాం ఏ పరీక్ష రాస్తలేదు."

"రాస్తున్న. నీకు చెప్పలే. దండం పెడ్త, జల్ది చెప్పు, టైమైతున్నది."

అక్కడ ఏడ్చింది. మాట విరిగిపోయి, ముక్కు ఎగబీల్చుకుంటూ, పక్కన ఎవరో ఉన్నారని అణుచుకుంటూ ఏడ్చింది. అతను నవ్వాడు. "మస్తు నేర్చుకున్నవమ్మా. మీ అసుంటోళ్ళ గురించి మా వదిన అంత చెప్పింది" అని పెట్టేశాడు.

చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద పడుకున్న పిల్ల గొంతు నాకు తెలియదా? పొద్దున బ్లాక్ చేసిన నంబరు గుర్తొచ్చింది. దాన్ని విడిపించి ఫోన్ చేశాను. తాండూరులో ఒక నెట్ సెంటరతను ఎత్తాడు. "పొద్దుగాల ఒక అక్క వచ్చింది మేడమ్. నా ఫోన్‌తోనే ఇంటాయనకు చేసింది. తర్వాత వాళ్ళ అక్కకంట, రెండుసార్లు చేసింది. ఎవ్వలు చెప్పలే. పరీక్ష టైము దాటినంక లేచి పోయింది" అన్నాడు. ఆ ఆడియో ఇంకా అతని దాకా రాలేదని మాటల్లో తెలిసింది.

ఆమెకు నోటికి వచ్చిన నంబర్లు రెండే. ఒకటి మొగుడిది, ఒకటి నాది. ఇద్దరం పద్ధతి ప్రకారమే నడుచుకున్నాం. నేను చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

గ్రూపుల్లో నా మెసేజీలు తుడిచేశాను. అప్పటికే అది నా చేయి దాటిపోయింది. దయచేసి ఆ ఆడియో ఎవరికీ పంపకండి అని రాస్తే, 'ఎందుకు మేడమ్, పబ్లిక్‌కు పనికొచ్చేదే కదా' అని ఒకరు అడిగారు. ఏమని చెప్పను? ఇప్పటికీ అది ఎక్కడో ఒకచోట తేలుతూనే ఉంటుంది. పరిగి బస్టాండులో ఒకసారి నా పక్కన నిలబడ్డ ముసలాయన ఫోన్‌లోంచి వినబడింది. బస్సు వచ్చినా ఎక్కలేకపోయాను.

ఆడియో విన్న మర్నాడు సెలవు పెట్టి తాండూరు రైలెక్కాను. దారిలో ధారూర్ స్టేషన్ దాటేదాకా, వెళ్ళగానే ఏం చెప్పాలో లోపల అల్లుకుంటూనే ఉన్నాను. ఇంటికి వెళ్ళేసరికి చెల్లెలు పిండి తడుపుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఫోన్ ఎత్తకపోతివి" అంది. అంతే. కోపం కూడా లేదు ఆ మాటలో. నేను కూలబడి ఏడ్చాను. తప్పు నాదే అన్నాను, నంబరు మార్చకుండా ఉండాల్సింది అన్నాను. ఆమె చేతికి పిండి ఉందని మోచేత్తో నా భుజాన్ని నెట్టింది, ఊకో అన్నట్టు.

"పక్కింటామె తెచ్చి వినిపించింది" అంది. "అచ్చం నీ లెక్కనే ఉన్నది, ఎంత మోసమో సూడు అన్నది. అవు, నా లెక్కనే ఉన్నదని నేనన్న."

"నేను చెప్త మరిదికి. అంత నాదే తప్పని చెప్త. మల్లొచ్చే పరీక్షకు ఆయనే పంపుతడు నిన్ను."

"వద్దు." ఈసారి గట్టిగా అంది. "రాళ్ళ కాడ సేటు మైకు పెట్టి అందరికి వినిపించిండట. షాబాషన్నడట. గింతమంది ముంగట అది నేనని తెలిస్తే ఆయన మొఖం యాడ పెట్టుకుంటడు? నా ముచ్చట చెప్పి నవ్విండని నేను దాస్కున్న. ఇప్పుడు ఆయన మీద నవ్వుతరు. గది నాకు ఇంక కష్టం."

"మరి పరీక్ష?"

"మల్ల దాస్కోని రాసినా, పాసైనంక చెప్పాలె గద, అప్పుడు గా ఏడ్చింది నేనే అని ఆయనకు తెలుస్తది. గందుకే రాయ."

ఆ మాట అని పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది. ఎదురింటి అరుగు మీద అంగన్‌వాడీకి పోయే పిల్లలు ఆడుకుంటున్నారు. వాళ్ళలో ఒకడు ఈమెను చూసి చేయి ఊపితే, ఈమె కూడా పిండి చేయి ఊపింది. ఆ ఉద్యోగం వేరే ఎవరికో పోతుంది. పోగొట్టింది నేను. ఈ మాట ఎవరి ముందైనా ఒప్పుకుందామన్నా వీల్లేదు, ఒప్పుకుంటే ఆమె ఇల్లు నలుగురి నోట్లో పడుతుంది.

మధ్యాహ్నం మరిది అన్నానికి వచ్చాడు. తల మీద, కనుబొమ్మల మీద రాతి పొడి. నన్ను చూడగానే మురిసిపోయాడు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడో లేదో మొదలుపెట్టాడు. కన్నడం మాట్లాడే లారీ డ్రైవర్లు కూడా అడిగి మరీ విన్నారట. ఊళ్ళో చుట్టాలు ఫోన్లు చేశారట. అంతా నా పాఠం పుణ్యమేనట. చెల్లెలు పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టె తడుతోంది.

నేను ఉండబట్టలేక అడిగాను. "అచ్చం దీని గొంతే అంటున్నవ్ గదా. నిజంగ ఇదేనేమో అని ఒక్కసారన్న అనిపించలేదా?"

"అనిపించింది వదినా, ఎందుకు అబద్ధం చెప్పాలె. మొదట జర ఆగమైన. నంబరు చెప్దామనే ఫోన్ దిక్కు సూసిన. కని ఏడ్చింది సూడు, గక్కడ దొరికిపోయింది." రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని నవ్వాడు. "పెండ్లైనకాన్నుంచి సూస్తున్న, నా పెండ్లాం ఎన్నడన్న గట్ల ఏడ్చిందా? నన్ను గట్ల బతిమాలిందా? ఏమే, నువ్వే చెప్పు."

రొట్టె తడుతున్న చేతులు ఆగలేదు.

"లే" అంది చెల్లెలు. "నేను గట్ల ఏడ్వ."

"సూసినవా! మరి మంచిగ చేసిననా లేదా, నువ్వు చెప్పు వదినా."

చెల్లెలు తల తిప్పి నా వైపు చూసింది. అతను నోట్లో ముద్ద నమలడం ఆపి ఎదురు చూస్తున్నాడు.

"మంచిగ చేసినవ్" అన్నాను.